మునిస్వామి గుంత

మా బావ యేసురత్నం రిటైరైన హెడ్మాష్టరు. రుద్రవరంలో చివరి పదేళ్ళు పనిచేసి, ఆళ్ళగడ్డలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి ముందుగదిలో ఒక అద్దాల బీరువా ఉంది. మాష్టారి బీరువా కదా, పుస్తకాలు ఉంటాయనుకుంటారు. ఉన్నవి శాలువాలు. రిటైరైన రోజు కప్పినవి, చర్చి వార్షికోత్సవాల్లో కప్పినవి, బడికి ఫ్యాను ఇచ్చినందుకు కప్పినవి, పిలవని సభకు వెళ్ళి ముందు వరసలో కూర్చున్నందుకు కప్పక తప్పనివి, అన్నీ కలిపి అరవై మూడు. ప్రతిదానికీ ఊరు, తేదీ, కప్పినవారి హోదా రాసిన చీటీ పిన్నుతో గుచ్చి ఉంటుంది. వాటిలో ఒకటి ఒకప్పుడు ఆయనే ఎవరికో కప్పింది. ఊళ్ళు తిరిగి తిరిగి చాగలమర్రి సభలో ఆయన భుజం మీదికే వచ్చి వాలింది. అంచున కాఫీ మరక చూసి గుర్తుపట్టాడు. అయినా చీటీ రాసి లోపల పెట్టుకున్నాడు.

మా అక్క సరస్వతి జూన్‌లో ఆ బీరువా పైన దుమ్ము తుడుస్తూ స్టూలు మీద నుంచి పడింది. నడుం పట్టేసింది. నంద్యాల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి, గట్టిగా, చదునుగా ఉండే పరుపు మీద మూడు నెలలు పడుకోమన్నాడు. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషనే అన్నాడు. అక్కకు ఆ మాట వింటేనే వణుకు. మా చిన్నమ్మ ఏసమ్మ అలాంటి ఆపరేషనే చేయించుకుని ఇప్పటికీ గోడ పట్టుకుని నడుస్తోంది.

ఇంట్లో ఉన్నది చెక్కమంచం, దాని మీద చిరిగిన బొంత. కొత్త పరుపు కొనమని నేను చెప్పాను. బావ దగ్గర ప్రతిదానికీ ఒక సిద్ధాంతం ఉంటుంది. పదేళ్ళు నిలిచిన పరుపు ఇంకో పదేళ్ళు నిలుస్తుందని, కొత్తదానికి ఆ హామీ ఎవరిస్తారని అడిగాడు. నంద్యాలలో కిరాణా హోల్‌సేల్ చేసే మునిస్వామి పాత కంపెనీ పరుపు అమ్ముతున్నాడని తెలిసి, ఆయనే వెళ్ళి బేరం చేసుకొచ్చాడు. నేను నంద్యాలలో కరెంటు సామాన్ల కొట్లో పనిచేస్తాను. కాబట్టి ట్రాలీ ఆటోలో పరుపు మీద కూర్చుని ఆళ్ళగడ్డ దాకా రావడం నా వంతయింది. కూర్చున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

పైన పటారం, లోన లొటారం అంటారే, అదీ ఆ పరుపు. పూల డిజైను, చుట్టూ జిప్పు, నడిమధ్యలో నాలుగు వేళ్ళ లోతు గుంత. మునిస్వామి నూటపది కిలోల మనిషి. పదేళ్ళు ఒకే చోట, ఒకే పక్కకు తిరిగి పడుకున్నాడు. అక్క ఎక్కడ పడుకున్నా చివరికి దొర్లి ఆ గుంతలోకే చేరేది. పొద్దున లేపడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చేది.

బావ ఫోన్లో వీడియోలు చూసి బాగుచేత మొదలుపెట్టాడు. తలవైపు కాళ్ళవైపుకు తిప్పితే గుంత పక్కకు పోతుందని కాగితం మీద బొమ్మ వేసి చూపించాడు. గుంత సరిగ్గా నడుమ ఉంది కాబట్టి ఎటు తిప్పినా నడుమే ఉంది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషికి ఇది తెలియడానికి రెండు రోజులు పట్టింది. బోర్లా వేశాడు, మనిషి పడుకోగానే గుంత మళ్ళీ పైకి తేలింది. మిద్దె మీద ఎండబెట్టాడు, వేలెడు పొంగి, చల్లబడగానే కూర్చుంది. మునిస్వామి తలనూనె వాసన పోవడానికి వంటసోడా చల్లాడు. వాసన పోలేదు కానీ అక్కకు తుమ్ములు పట్టుకున్నాయి, తుమ్మిన ప్రతిసారీ నడుం పట్టేసేది. కొట్టంలో పడి ఉన్న పాత నల్లబల్ల తెచ్చి పరుపు కింద వేశాడు. ఇప్పుడు గుంత కింద నల్లబల్ల ఉంది, గుంత గుంతలాగే ఉంది.

ఇక గుంత పూడ్చాల్సిందే అని తేలింది. దేనితో అని అడిగితే, అక్క పెట్టెలో పాత చీరలున్నాయిగా అన్నాడు. అక్క తాళంచెవి ఇచ్చింది. ఏడు నూలు చీరలు లోపలికి పోయాయి. వారంలో అవి ఒక మూలకు జరిగి ఉండలు కట్టాయి. గుంత అలాగే ఉంది, దాని పక్కన గుట్ట కూడా వచ్చింది.

నాకు ఒళ్ళు మండింది. బీరువాలో మందంగా, వాడనివి అరవై మూడు ఉన్నాయి కదా అన్నాను. బావ కళ్ళద్దాలు తీసి నా వైపు చూశాడు.

"అవి గుడ్డలు కాదురా జయప్రకాషూ. గౌరవం."

పక్కగదిలో అక్క మూలిగింది. గౌరవం మాత్రం అద్దాల వెనక చదునుగా పడుకుని ఉంది. ఆ ఆదివారం అక్క నడుం కోసం ఆయన చర్చిలో ప్రార్థన చేయించాడు. ప్రార్థనల విషయంలో మా బావ ఎన్నడూ పిసినారితనం చూపలేదు.

డాక్టరు చెప్పిన గడువుకు వారమే మిగిలింది. సెప్టెంబరు ఐదున నంద్యాలలో గురుపూజోత్సవం, బావకు పిలుపు వచ్చింది. ముందురోజు అక్క నాకు ఫోను చేసి, రేపు సెలవు పెట్టి దబ్బనం, పురికొస పట్టుకుని రమ్మంది. ఎందుకని అడగలేదు. బావ ఇస్త్రీ బట్టల్లో నంద్యాల బస్సెక్కాడు. నేను ఆళ్ళగడ్డలో దిగాను.

అక్క కుర్చీలో కూర్చుని బీరువా వైపు చెయ్యి చూపింది. నాకు ఒక్క క్షణం భయమేసింది. సారు ఏమంటాడో అన్నాను. ఊరంతా అన్నట్టే మా అక్క కూడా ఆయన్ని సారు అనే అంటుంది, ఆమె దగ్గర నేనూ అంతే.

"గోటితో పోయేదానికి గొడ్డలి దాకా యాడ పోతావురా. తీయ్."

అక్క చెప్తూ ఉంటే నేను చేశాను. జిప్పు విప్పి, పాత చీరలు బయటికి లాగి, ఈ అంచు నుంచి ఆ అంచుకు పురికొస బిగించి గుంత లోతు కొలిచాం. అడుగున చిన్న మడతలు, పైకి వచ్చేకొద్దీ పెద్ద మడతలు. జరీ గుచ్చుకోకుండా అంచులు లోపలికి మడిచాం. జరగకుండా ఒక్కో వరసా దబ్బనంతో కుట్టేశాను. అన్నిటికంటే మందమైన, ఆత్మకూరు సభలో కప్పిన శాలువాను సరిగ్గా నడుం కిందికి వచ్చేట్టు వేయించింది. పిన్నులు తీసేటప్పుడు చీటీలు కింద పడేస్తుంటే ఆపింది.

"చీటీలు పారేయొద్దు. సారు చదువుకునేది అవే గదా."

అరవై మూడు చీటీలూ అద్దాల బీరువాలో వరసగా పేర్చాను. మధ్యాహ్నం అక్క పడుకుంది. ఎటూ దొర్లలేదు. కాసేపటికి గురక వినిపించింది. మూడు నెలల్లో అక్క గురక వినడం అదే మొదలు, నాకు ఏడుపొచ్చింది. తర్వాత డాక్టరు గడువు పొడిగించి, చివరికి ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ సాయంత్రం సంగతి.

ఐదున్నరకు బావ వచ్చాడు. భుజం మీద అరవై నాలుగోది, ఎర్ర శాలువా. బస్సులో కూడా తీసినట్టు లేడు. బీరువా ముందు ఆగిపోయాడు. చీటీలు ఒక్కొక్కటే చూశాడు. నేను గోడకు అతుక్కుపోయాను. ఆయన గదిలోకి వచ్చేసరికి అక్క వెల్లకిలా పడుకుని కళ్ళు తెరిచి చూస్తోంది.

"ఎవరు చెప్పినారు తీయమని?"

"నా నడుం చెప్పింది సార్."

బావ మంచం దగ్గరికి వచ్చి వంగాడు. ఆత్మకూరుది యాడుందని మెల్లగా అడిగాడు. నడుం కింద ఉంది, మంచిది, మందంగా ఉంది అంది అక్క. ఆయన అక్క పక్కగా పరుపు మీద అరచెయ్యి పెట్టి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిమిరాడు. ఎక్కడా గుంత లేదు. అక్క ముఖంలోకి చూశాడు. మూడు నెలలుగా ఆ ముఖం ఎట్లా ఉండేదో అప్పుడే గుర్తొచ్చిందేమో, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అరవై నాలుగు సభలు చూసిన మనిషి, అలవాటైన పనే చేశాడు. భుజం మీది శాలువా తీసి, రెండు చేతులతో విప్పి, సభలో కప్పినట్టు అక్కకు కప్పబోయాడు.

"ఉక్కపోస్తాంది సార్, కప్పొద్దు" అంది అక్క. "కాళ్ళకాడ ఇంగా కొంచెం పల్లం ఉంది. ఆడ పెట్టండి."

బావ ఆ శాలువాను నాలుగు మడతలు వేశాడు. మంచం చివర మోకాళ్ళ మీద కూర్చుని, అక్క కాళ్ళ కింద జిప్పు తీసి లోపలికి దూర్చి, చేత్తో చదును చేశాడు. అంచు లోపలికి మడవమని నేను గుర్తుచేశాను.