కరియ మెడలో గంట

నేను ఒక చిన్న కంచుగంటను. నన్ను పోతపోసిన కంచరి పేరు మౌనాచారి. ఆ పేరు పెట్టుకుని ఆయన బతుకంతా గణగణలే చేశాడు! అచ్చులోంచి నన్ను తీసి, చెవి దగ్గర ఆడించి, "బాగా పలుకుతాండావే" అని నవ్వాడు. ఆ మెప్పుతో నాకెక్కిన పొగరు ఇప్పటికీ దిగలేదు.

మొదట గొర్రెలు మేపే ఓబులమ్మ మందలో, ముందు నడిచే పొట్టేలు మెడలో ఉండేదాన్ని. జాతరలో ఆ పొట్టేలు ఏమైందో అడక్కండి. దానికి దండ వేసి దండం పెట్టిందీ మనుషులే, పులుసు బాగుందన్నదీ మనుషులే. తర్వాత నన్ను ఓబులమ్మ కుక్క కరియకు కట్టారు, వాడు కుందేళ్ల వెంట పొదల్లో దూరితే ఎక్కడున్నాడో తెలియాలని. తెలిసింది, కుందేళ్లకు కూడా! నా పుణ్యమా అని వాడు ఒక్క కుందేలునూ పట్టలేదు పాపం.

సాయంత్రం గొర్రెలను దొడ్లోకి తోలాక మేం ముగ్గురం వేరుశనగ చేల గట్ల మీదుగా వంక దాకా నడిచేవాళ్లం. రోజంతా మంద వెంట తిరిగిన మనిషికి మళ్లీ ఈ నడకేమిటని ఊరు నవ్వేది. ఊరికేం తెలుసు! అత్త సణుగుడు, మొగుడి మొండితనం, నిలవకుండా పోయిన కడుపు, ఇంట్లో ఎవరితోనూ అనలేనివన్నీ ఆమె ఆ దారిలో కరియతోనే చెప్పుకునేది. వాడు ఓపిగ్గా వినేవాడు.

ఏళ్లు గడిచి వాడి మూతి నెరిసింది. ఒక సాయంత్రం వాకిలి దాటనని కూలబడ్డాడు. మర్నాడూ అంతే.

"ముసిలోడైనాడు, కాళ్లు పడిపోయినాయి. కట్టేసి ఇంత సంగటి పెట్టు," అన్నాడు ఆమె మొగుడు సుంకన్న.

కట్టేశారు. వాడు సంగటి ముట్టడం మానేశాడు, ఎముకలు తేలాయి. కాళ్లు కాదు నాయనా, కళ్లు! గట్టు దిగుతూ ఆమె వెనకాల వాడు గుంతలో పడి లేచినప్పుడు నేను వాడి మెడలోనే ఉన్నాను గదా. ఎంత మొత్తుకున్నా మనుషులకు అది గంట మోతే. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే వాడు దక్కడని నాకు భయం పట్టుకుంది.

ఒకనాటి సాయంత్రం, సుంకన్న చెప్పాడని, కొత్త పొట్టేలుకు కట్టడానికి ఓబులమ్మ నన్ను వాడి మెడ నుంచి విప్పింది. కళ్లు తుడుచుకుంటూ దొడ్డివైపు నడిచింది. నేను ఊరుకుంటానా? అడుగడుక్కీ మోగాను. వెనక తాడు బిగిసింది. కరియ చెవులు నిక్కించి లేచి నిలబడ్డాడు! ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఆమె ఎడమకు జరిగితే వాడి ముఖం ఎడమకు, కుడికి జరిగితే కుడికి. ఆమె దగ్గరికొచ్చి, నన్ను పిడికిట్లో మూసి, రెండో చెయ్యి వాడి కళ్ల ముందు ఆడించింది. వాడు రెప్ప వెయ్యలేదు.

"ఓరి నా కొడకా! కండ్లు కనపడల్యా నీకు? కాళ్లనుకొని కట్టేస్తిని గదరా!" అని వాణ్ణి వాటేసుకుని భోరుమంది.

తాడు విప్పేసి, నన్ను తన కాలికి కట్టుకుంది.

"పొట్టేలికి కట్టమంటే నువ్వు కట్టుకుంటివేమే!" అన్నాడు సుంకన్న.

"ఈ మందలో ముందు నడిచేదాన్ని నేనే గదా," అందామె.

ఇప్పుడు వంక దాకా పోలేం. సగం దారిలో బండ మీద కూర్చుంటాం, ఆమె కబుర్లు మళ్లీ మొదలయ్యాయి. వాడు సంగటి తింటున్నాడు. నిన్న పొదలోంచి కుందేలు దూకింది. కరియ దొరలా మొరిగాడు, అది పోయిన వైపు మాత్రం కాదు. "పట్టేస్తివి పో!" అని ఓబులమ్మ నవ్వి వాడి వీపు నిమిరింది.

చీకటి పడుతోందని లేచి ఇంటివైపు అడుగు వేసింది. నేను మోగాను. వాడు వచ్చాడు.