పేరయ్య చెయ్యని ప్రమాణం

చేపల బజారులో కూర్చునేదాన్ని నేను. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూడందే ఏ చేపనూ నా తట్టలో పడనివ్వను. మనుషులకు మొప్పలు పెట్టకపోవడం దేవుడు చేసిన పొరపాటని నా అభిప్రాయం. అందుకే మా ఆయన గంగాప్రసాద్ ఓ సాయంత్రం ఆటోనగర్ నుంచి ఒక తుక్కు కారును ట్రాక్టరుకు కట్టించి, భవానీపురంలో మా వాకిట్లోకి లాక్కొచ్చినప్పుడు నేను కారును చూడలేదు. మా ఆయన మొహం చూశాను.

"ఏంటయ్యా ఇది?"

"ఫియట్టే. పాతది. ఇటలీ వాళ్ల కారు. ఇప్పుడిట్టాంటి మందం రేకు ఎక్కడా దొరకదు."

"ఇటలీ వాళ్లకి అక్కర్లేకే గదా మనింటికొచ్చింది!"

టైర్లు లేవు. అద్దాల్లో సగం లేవు. తలుపు తీస్తే చేతిలోకి వచ్చేలా ఉంది. మా ఆయన ఆటోనగర్లో లారీ బాడీలకు టింకరింగు చేస్తాడు. వారమంతా రేకులు కొట్టి, ఆదివారం కూడా ఇంట్లో రేకులే కొట్టాలని ఏ మగాడికి ఉంటుంది? అడిగితే, బాగుచేసి పెళ్లిళ్లకు అద్దెకు తిప్పుతానన్నాడు. తక్కువలో అయిపోతుందన్నాడు. నేను అడగనివి కూడా చెప్పాడు. నిలవ చేప అమ్మేవాడు కూడా అంతే, అడక్కుండానే ఎక్కువ మాట్లాడతాడు.

నాకు అసలు అనుమానం వచ్చింది మాత్రం మా మామ పేరయ్య వల్ల. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కారు వాకిట్లోకి రాగానే దాని నంబరు పలక వంక చూశాడు. భుజం మీద తువ్వాలు సర్దుకుని లోపలికి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఆయన మంచం పెరట్లోకి మారిపోయింది.

ఇక్కడ మా మామ సంగతి చెప్పాలి. వాళ్లది బందరు వైపు సముద్రం మీద వేట చేసే కుటుంబం. వయసులో ఉన్నప్పుడు ఆయన డ్రైవింగు నేర్చుకుని, చల్లపల్లి దగ్గర ఒక మోతుబరి రైతు ఇంట్లో కారు నడిపేవాడు. ఒకనాడు ఆ ఇంటి ఇల్లాలు సుబ్బరత్నం గారి కెంపుల కమ్మ ఒకటి పోయింది. ముందురోజు కారులో ఊరికి వెళ్లొచ్చారు కాబట్టి వేళ్లన్నీ డ్రైవరు వైపే తిరిగాయి. కాలవలో మునిగి, తడిబట్టలతో అమ్మవారి గుడి ముందు ప్రమాణం చెయ్యమన్నారు. తప్పు చెయ్యనివాడు అలా ప్రమాణం చేస్తే, అసలు తీసినవాడు రక్తం కక్కుకుంటాడని మా వైపు గట్టి నమ్మకం.

మా మామ చెయ్యనన్నాడు. ఎందుకు చెయ్యవంటే చెప్పలేదు. దాంతో అందరికీ జవాబు దొరికిపోయింది. చేతిలో సంచితో, పెళ్లాం బిడ్డలతో బెజవాడ వచ్చి ఐసు లారీలకు చేపల పెట్టెలు మోశాడు. దొంగ పేరయ్య అనే పేరు మాత్రం ఆయనకంటే ముందే వచ్చి కూర్చుంది. పెళ్లిళ్లలో చెంబు కనపడకపోయినా జనం ఆయన వంకే చూసేవాళ్లు. మా అత్త ఆ చూపులు భరిస్తూనే పోయింది.

కాపురానికి వచ్చిన నాటి నుంచి నా బీరువా తాళం నా బొడ్డులోనే ఉంటుంది. మా మామకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా నేను పెట్టిన పులుసు బాగుందనే అంటాడు. నాకు అదీ అనుమానమే. ఏ తప్పూ చెయ్యనివాడికి ఒక్క మునక వెయ్యడానికి ఏం రోగం?

కారు వచ్చిన వారంలోనే మా ఆయన దొరికిపోయాడు. బజారు నుంచి వచ్చేసరికి వెనక సీటు ఊడదీసి వాకిట్లో పడేసి ఉంది. ఆయన దాని కింద పోగైన దుమ్మంతా కుప్ప చేసి, నేను పిండి జల్లించుకునే జల్లెడతో జల్లిస్తున్నాడు.

"కారు బాగుచేసేవోడు దుమ్ము జల్లిస్తాడా? అదీ నా జల్లెడతో!"

ఆయన జల్లెడ కింద పెట్టాడు. "నాన్న నడిపిన కారే నాగలక్ష్మీ. తుక్కు కొట్లో నంబరు చూసి గుర్తుపట్టా. కోయబోతుంటే ఆపి తెచ్చా. కమ్మ ఇందులోనే ఎక్కడో పడిపోయి ఉంటది. నాన్న పోయేలోపు అది దొరకాలి."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే కారు మిగులుద్ది."

ఆ మాటకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

అప్పటి నుంచి ఆ కారు మా ఇంట్లో ఒక రోగిష్టి చుట్టం అయింది. చేతిలో ఉన్నదాంట్లోనే అంతా జరగాలి. తుప్పు పట్టిన బోల్టులు నా వంటింటి గిన్నెలో కిరసనాయిల్లో నానాయి. పాలపొడి డబ్బా రేకు సైలెన్సరుకు మాటు అయింది. మూతపడిన సినిమా హాలు కుర్చీల రెగ్జిను తెచ్చి సీట్లకు కుట్టించాడు. తలుపుల చుట్టూ రబ్బరు దొరక్కపోతే సైకిలు ట్యూబులు కోసి అంటించాడు. నేను అలుగుతూనే గరుకు కాగితం పట్టుకుని బండి వీపు రుద్దాను. రుద్దుతూ ప్రతి సందులోకీ తొంగి చూశాను. కమ్మ ఆయనకంటే ముందు నాకు కనపడాలని నా పంతం. కనపడితే ఎవరు ఏం చేస్తారో చూడాలి కదా.

పక్కింటి సంపూర్ణమ్మ గోడ మీంచి ఒకటే ఆరా. "ఏంటమ్మా, మీ ఆయన కారులో లంకెబిందెలు గానీ వెతుకుతున్నాడా?"

"అవునండీ, దొరికితే మీకో బిందె పంపుతాం" అన్నాను.

దొరికింది ఏమిటంటే, ఒక తలపిన్ను, విరిగిన బలపం ముక్క, తలుపు రేకు లోపల ఒక గాజు గోళీ. అంతే. ఇంజను పని పూర్తయింది. దగ్గి, ఉమ్మి, చివరకు తిరిగింది. మా ఆయన మొహంలో సంతోషం లేదు. ఇక చూడాల్సింది అడుగు రేకు ఒక్కటే.

ఆ పూట అన్నం కలుపుతూ, "ఒకవేళ నాన్నే..." అని ఆగిపోయాడు. ముద్ద మింగాడు. కన్నకొడుకు నోట ఆ మాట రావడం నేను అదే మొదటిసారి వినడం. నేను ఓదార్చలేదు. నా మనసులోనూ అదే ఉంది. పెరట్లో మంచం కిర్రుమంది. మా మామ వినే ఉంటాడు.

ఆదివారం అడుగు రేకు మీద పని మొదలుపెట్టాడు. వెనక సీటు కింద, రెండు రేకులు కలిసే చోట, పొడుగ్గా నల్లటి రాయిలాంటిది గడ్డకట్టి ఉంది. గ్యాసు మంట దగ్గర పెట్టగానే గుప్పున వాసన లేచింది. నాకు ఒక్కసారిగా పుట్టిల్లు గుర్తొచ్చింది. పడవలకు కన్నాలు పూడ్చేటప్పటి వాసన అది.

"నాన్న పని!" అన్నాడు మా ఆయన. "కారుకి అడుగున కన్నం పడితే ఎవడన్నా వెల్డింగు చేయించుకుంటాడు. మా నాన్న పడవకి చేసినట్టు చేశాడు."

కొబ్బరి పీచు సందులో కుక్కి, మొద్దు ఉలి పెట్టి సుత్తితో బిగగొట్టి, పైన చేపనూనెలో కాచిన గుగ్గిలం పొయ్యడం మా వాళ్ల పద్ధతి. నీటి చుక్క దూరదు. కారును కూడా పడవ చేసి పెట్టాడు మహానుభావుడు! అది తియ్యకుండా కొత్త రేకు అతకదు కాబట్టి మా ఆయన పెచ్చులు పెచ్చులుగా కొట్టసాగాడు. ఒక పెచ్చు లేచినప్పుడు పీచు మధ్య ఎర్రగా మెరిసింది.

కెంపుల కమ్మ.

మా ఆయన దాన్ని ముట్టుకోలేదు. వెనక్కి జరిగి నేల మీద చతికిలబడ్డాడు. ఆయన ఏం ఆలోచిస్తున్నాడో నాకు తెలుసు. పోయిన కమ్మ డ్రైవరు స్వయంగా పోసిన గుగ్గిలం కింద ఉంది. గొడవ సద్దుమణిగాక తీసుకుందామని దాచుకుంటే ఇంతకంటే మంచి చోటు ఉంటుందా? దొరక్కుండా ఉంటేనే నయం అనిపించింది.

"కప్పేస్తా" అన్నాడు. "ఎవరికీ చెప్పమాక."

నేను చేపలమ్ముకునేదాన్ని. చూడకుండా దేన్నీ వదలను. కమ్మను పీచులోంచి లాగి, కొంగుతో తుడిచి వెలుగులో పెట్టాను. అది కమ్మ ఆకారంలో లేదు. అణిగి రేకైపోయింది. మధ్యలో అడ్డంగా లోతైన గాటు. పెద్ద కెంపు రెండు ముక్కలైంది. ఉలి దెబ్బ.

"ఏవయ్యా," అన్నాను, "బంగారం దాచుకునేవోడు దాని మీద ఉలి పెట్టి కొడతాడా? రాయి పగిలేదాకా?"

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. కమ్మ తీసుకుని ఆ గాటులో గోరు పెట్టి చూశాడు. కమ్మ అప్పటికే సందులో బురదలో పడి ఉందని, చూడకుండానే మామ దాని మీద పీచు పెట్టి కొట్టాడని తెలిసేసరికి చిన్నపిల్లాడిలా వెక్కిళ్లు పెట్టి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. నాలోనే నేను పట్టుకున్న మొదటి అబద్ధం అది, మామ దొంగని నా అనుమానమే చెప్పిన అబద్ధం.

పెరట్లోకి వెళ్లి మామ అరచేతిలో పెట్టాం. ఆయన చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. సంతోషపడతాడనుకున్నాను. ఆయన మొహం ఇంకా చిన్నబోయింది.

"ఊరెళ్లొచ్చిన రోజు ఒకటే వాన. కింద నించి నీళ్లు ఎగజిమ్ముతున్నయ్. మళ్లీ అమ్మగారి చీర తడిసిద్దని మర్నాడు తెల్లారగానే గుగ్గిలం కాచి పోశా. సీటు కింద చీకటి, కళ్లల్లో పొగ. తడుముకుంటా కొట్టా. కమ్మ పోయిందని మధ్యాన్నానిగ్గానీ అనలా వాళ్లు." గుప్పిట మూసి, "అయితే ఎవరూ తియ్యలేదన్నమాట" అన్నాడు.

"ఎవరు తీశారనుకున్నావ్ మావా?"

"కోటిబాబు."

కోటిబాబంటే సుబ్బరత్నం గారి ఒక్కగానొక్క కొడుకు రామకోటేశ్వరరావు. అప్పటికి బళ్లో చదివే పిల్లాడు.

"ముందురోజే అడిగాడు, పేరయ్యా, బంగారం అమ్మితే ఎన్ని గోళీలొస్తయ్ అని. కమ్మ పోయిందనగానే వాడే అనుకున్నా. నేను మునిగి ప్రమాణం చేస్తే అమ్మోరు ఊరుకుంటదా? పసిగుడ్డు. రోజూ ఎత్తుకుని బడికాడ దించేవోణ్ణి. వాడు రక్తం కక్కుకుంటే నేను చూడగలనా అమ్మాయ్? దొంగన్నా అనుకోండని వచ్చేశా." కమ్మను మళ్లీ చూశాడు. "ఎవరూ తియ్యలేదని తెలిస్తే మునిగేవోణ్ణే. మీ అత్త ఎన్నిసార్లు బతిమాలిందో!"

నా బొడ్డులో తాళం చెవి ఎన్నడూ లేనంతగా గుచ్చుకుంది. ఆయనకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

అడుగు రేకు అతికించాక, బ్రష్షుతోనే రంగు వేశాక, చల్లపల్లి బయల్దేరాం. వెనక సీట్లో కూర్చోమంటే మా మామ వినలేదు. ముందు సీట్లో డ్యాష్‌బోర్డు పట్టుకుని కూర్చుని, కొడుకు గేరు మార్చినప్పుడల్లా తన కాలు కూడా నొక్కాడు. పామర్రులో ఆగి రేడియేటరుకు నీళ్లు పోశాం.

ఆ ఇంటి ముందు ఆగగానే బొజ్జ, మీసం ఉన్న పెద్దమనిషి బయటికి వచ్చాడు. కోటిబాబు. "ఇది మా పాత కారు కదూ? తుక్కుకు వేశామే! మళ్లీ ఎందుకు తెచ్చారు?" అంటూ కారు చుట్టూ తిరిగాడు. ఆయనదీ నాలాంటి చూపే. మామ వైపు మాత్రం చూసి గుర్తుపట్టలేదు.

గుర్తుపట్టింది సుబ్బరత్నం గారు. నడుం వంగిపోయింది, కళ్లద్దాలు దళసరి. మా ఆయన కమ్మ చేతికిచ్చి, గుగ్గిలం పెచ్చు కూడా చూపించి జరిగింది చెప్పాడు. ఆవిడ ఆ గాటు మీద వేలితో రాసింది.

"నా కమ్మే" అంది. "జత మళ్లీ దొరకదులే అని రెండోదాన్ని కరిగించి కోడలికి ఉంగరం చేయించా." తర్వాత మామ వైపు తిరిగింది. "మరి ఆ రోజు ప్రమాణం ఎందుకు చెయ్యలా పేరయ్యా? ఒక్క మునక వేసి వచ్చుంటే నీకీ బతుకు లేకపోను గదా!"

మా ఆయన నోరు తెరవబోయాడు. నేను చెయ్యి గిల్లాను. మామ తల ఎత్తి కోటిబాబు వైపు చూశాడు. కోటిబాబు కమ్మలో ఎంత బంగారం మిగిలిందా అన్నట్టు తొంగి చూస్తున్నాడు.

"అప్పట్లో నాకు జలుబండీ అమ్మగారూ" అన్నాడు మామ. "చన్నీళ్లు పడేయి కాదు."

ఆవిడ మామ వంక చూసింది. బందరు సముద్రంలో ఈదులాడి పెరిగిన మనిషి. చన్నీళ్లు పడవట. ఆవిడ చూపు మెల్లగా పక్కకు తిరిగి, కొడుకు మొహం మీద ఆగింది.

"ఏంటమ్మా?" అన్నాడు కోటిబాబు.

"ఏం లేదు. లోపలికెళ్లి పేరయ్యకి కుర్చీ తెచ్చి వెయ్యి. పనోళ్లని పిలవమాక. నువ్వే తే."