పేల్చి చూసి వేసిన సీలు

నేను ఒక ఒంటి గొట్టం తుపాకీని. మందూ రవ్వలూ గొట్టంలో కూరి పేల్చే పాతకాలపు రకం. చిత్తూరు వైపు అడవి అంచున చెంగల్రాయుడి వేరుశనగ చేలో పందుల్ని బెదరగొట్టడానికి నాకు లైసెన్సు ఇచ్చారు. పందులు నాకు ఏనాడూ పెద్దగా బెదరలేదు. అయినా వాటిమీద నాకు గౌరవమే. మనుషుల్ని చూశాక అది ఇంకా పెరిగింది.

ఒక ఆయుధపూజ నాడు చెంగల్రాయుడి భార్య ధనకోటమ్మ నన్ను నాగలి పక్కన పెట్టి, పసుపు పూసి, బొట్టు పెట్టింది. పూజలో పెట్టినదాన్ని మర్నాటిదాకా కదపరు. ఆ సాయంత్రమే పక్క చేను మునస్వామిని ఎవడో కాల్చి చంపాడు. అతనికీ చెంగల్రాయుడికీ గట్టు తగాదా ఉన్నమాట నిజమే. నేను మాత్రం బొట్టు పెట్టుకుని గోడ వారనే ఉన్నాను. ఆ ఊళ్లో గడ్డివాముకొక దొంగ తుపాకీ ఉంది. వాటికి లైసెన్సు లేదు కాబట్టి పోలీసుల లెక్కలో అవి లేనట్టే. ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. చట్టప్రకారం బతికేవాణ్ణి పట్టుకోవడం ఎంత సులువో! ఇంటి అడ్రసు వాళ్ల దగ్గరే ఉంటుంది.

పూజలో ఉంది సార్ అని చెంగల్రాయుడు మొత్తుకున్నా వినకుండా పోలీసులు అతన్నీ నన్నూ పట్టుకుపోయారు. స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ దామోదరం, చూసినవాళ్లు రక్తమనుకుంటారేమోనని ముందు నా బొట్టు తుడిచేశాడు. తర్వాత అతనికి ఇంకో బెంగ పట్టుకుంది.

"ఇది అసలు పేలుతాదా? పేలని తుపాకీని కోర్టులో పెడితే మన పరువేం గావాల?"

మందు కూరి స్టేషన్ వెనక మట్టిగోడకు గురిపెట్టి కాల్చాడు. పేలాను. అతను తృప్తిపడి, అప్పుడు నాకు గుడ్డ చుట్టి లక్కసీలు వేశాడు.

ల్యాబు పెద్దలు నా గొట్టంలో మసి చూసి, ఈమధ్యే పేలిందని రాసిచ్చారు. దామోదరం బోనెక్కి, పేల్చి చూశాకే సీలు వేశానని గర్వంగా చెప్పాడు. చెంగల్రాయుడి వకీలు ఆ మాట విని ఆవలించాడు. అంతమంది నల్లకోట్ల వాళ్లలో ఒక్కడికీ చెవులు పనిచేయలేదు. చెంగల్రాయుడికి యావజ్జీవం పడింది.

ధనకోటమ్మ ఊరుకోలేదు, హైకోర్టులో అప్పీలు వేయించింది. అప్పీలంటే కొత్త సాక్షులు రారు, పాత సాక్ష్యాన్నే మళ్లీ చదువుతారు. ఆ చదవడానికే ఏళ్లు పట్టింది. ఈలోగా చెంగల్రాయుడు జైల్లో ముసలివాడయ్యాడు. చివరికి కొత్త వకీలు దామోదరం చెప్పిన మాటనే చదివి వినిపించాడట. జడ్జిగారు ఒక్కటే అడిగారట, ఆ మసి హత్యదా, హెడ్డుదా అని. ప్రభుత్వ వకీలు కాగితాలు తిరగేసి మంచినీళ్లు తాగాడట. చెంగల్రాయుడు నిర్దోషి అని తీర్పొచ్చింది. ఇదంతా జిల్లా కోర్టు సామాను గదిలో గుమాస్తాలు నవ్వుకుంటూ చెప్పుకుంటే విన్నాను. నాకు నవ్వు రాలేదు, అసహ్యమేసింది.

తుపాకీ తీసుకుపోవచ్చని కబురు పెడితే మొగుడూ పెళ్లామూ వచ్చారు. చెంగల్రాయుడు నావైపు చూడలేదు. ధనకోటమ్మే మాట్లాడింది.

"వద్దు సార్. చంపినోడు ఎవురో మీరెవురూ ఎతకల్యా. వాడు ఊర్లోనే తిరగతా ఉండాడు. మళ్లా యాడన్నా తుపాకీ సద్దయితే మీరు మా ఇంటికే వస్తారు."

 ఎవరికీ అక్కర్లేదు కాబట్టి నన్ను ధ్వంసం చేయాలని గుమాస్తా రాసుకున్నాడు. రేపు సుత్తితో విరగ్గొడతారు. ఈ కేసులో శిక్ష పూర్తిగా అనుభవించేది నేనొక్కదాన్నే.