ఏడో నడుంపట్టీ

పసుపు రంగంటే ఎంత భయపడాలి, కొంచెమా, చాలానా, టూరిస్టుల ప్రభుత్వం ఏ దేశం వెళ్ళొచ్చో చెప్తూ గీసిన పటంలో మా జోర్డాన్ పోయిన వారందాకా ఆకుపచ్చే, ఈ వారం పసుపయింది, సరిహద్దు పొడుగునా ఒక నారింజ చార, ఆ పైనంతా ఎరుపు, ఎవరో ఎక్కడో కుర్చీలో కూర్చుని రంగు మారుస్తారు, ఇక్కడ మాదబాలో, ఫలాఫల్ కొట్టు పైనున్న నా రెండు గదుల టూరిస్టు ఆఫీసులో ఫోను మూగబోతుంది, ఇరవై రెండేళ్ళుగా నా బతుకంతా ఈ ఒక్క ప్రశ్నే, అక్కడ క్షేమమేనా అండీ, క్షేమమే రండి, ఆడవాళ్ళం ఒంటరిగా రావచ్చా, నిక్షేపంగా రండి, ఈజిప్టా, మొరాకోనా, మీ దేశమా, ఏది మేలంటారు, ముగ్గురు కోడళ్ళలో మంచిదాన్ని చెప్పమని అత్తగారిని అడిగినట్టు, ఏం చెప్తాను, మాదే మేలంటాను, నిజానికి నేను ఈజిప్టు చూడలేదు, మొరాకో చూడలేదు, సొంత చెల్లెలు డమాస్కస్‌లో ఉంది, మామూలు రోజుల్లో కారులో ఒక పూట ప్రయాణం, ఎప్పుడు వెళ్దామన్నా ఇప్పుడు కాదులే రుదైనా అంటాడు మా ఆయన, ఆ ఇప్పుడు ఎప్పటికీ అవదు, నేను మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి ఎక్కడెక్కడి వాళ్ళనో రమ్మని పిలుస్తుంటాను.

మార్గిట్ అనే ఈవిడా అదే అడిగింది, రిటైరైన టీచరమ్మ, తనతో కలిపి ఆరుగురు నడక స్నేహితులట, అందరూ అరవై దాటినవాళ్ళే, నిన్న ఈజిప్టు నుంచి అకబా వచ్చి హోటల్లో దిగారు, రేపు పొద్దున మా గైడు ముత్లక్‌తో కలిసి సిద్రె వాగు లోయలో దిగాలి, రెండు వైపులా నిట్టనిలువు రాయి, కొన్నిచోట్ల రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి, అది చూడ్డానికే వచ్చామంది, కానీ ఆ పసుపు రంగు చూసినప్పట్నుంచీ గుంపులో ముగ్గురు ఒమాన్ పోదామంటున్నారట, సాయంత్రం విమానానికి సీట్లు కూడా పట్టి ఉంచారట, మధ్యాహ్నంలోగా మీరు ఒక్క మాట రాయండి, మేం వార్తల్ని నమ్మం, మిమ్మల్నే నమ్ముతాం అని రాసింది, నా మొహం కూడా చూడలేదు, పాపం, నమ్ముతుందట, ఆ ఉత్తరం లేస్తూనే ఫోనులో చదివాను, ఆఫీసుకొచ్చాక కూడా నా ఎదురుగా తెరిచే ఉంది, ఆవిడ అడిగేది యుద్ధం గురించి, అదయితే చిటికెలో రాసేసేదాన్ని, యుద్ధం ఇక్కడ లేదు, ఉన్నది నవంబరు నెల మొదటి వాన, దానికి ఏ పటంలోనూ రంగు లేదు, ఎక్కడో తఫీలా కొండల మీద కురుస్తుంది, కింద లోయలో ఎండ కాస్తూనే ఉంటుంది, నడిచేవాళ్ళు పైకి చూసి ఎంత నీలంగా ఉందో అనుకుంటూ ఉండగా నీళ్ళు వచ్చేస్తాయి.

రేడియోలో మబ్బులు పట్టవచ్చునన్నారు, పట్టవచ్చునట, నాలాగే వీళ్ళూ ఎటూ తేల్చరు, సరేలే, వద్దని రాసేద్దాం అనుకుంటూ తాళం తీద్దామని మెట్లెక్కితే, అప్పటికే ముత్లక్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, చీకటుండగానే దక్షిణం నుంచి బయల్దేరి ఉంటాడు, చెప్పుల నిండా దుమ్ము, ఏం బాబూ ఇంత పొద్దున్నే అంటే నీ కాఫీ కోసం వచ్చానక్కా అన్నాడు, అప్పుడైనా నాకు వెలిగుండాల్సింది, ఏలకుల కాఫీ కాచి మా నాన్న నాటి కూజాలోంచి కప్పు అడుగున కాస్త పోసి ఇచ్చాను, అందుకున్నాడు, తాగలేదు, మెల్లిగా కింద పెట్టాడు, కాఫీ ముట్టకుండా కింద పెట్టాడంటే అడగడానికి వచ్చాడని, ఆ పని అవుతుందని ఇంటివాళ్ళు అనేదాకా తాగడని పసిపిల్లలకి కూడా తెలుసు, మా నాన్న చావిట్లో ఎంతమంది పెట్టారో ఆ కప్పులు, పెళ్ళిసంబంధాలు, హత్య రాజీలు, ఒకసారి ఒకడు తప్పిపోయిన ఒంటె కోసం, మా నాన్న ఒక్కరినీ ఏం కావాలని ముందు అడగలేదు, అలా అడగడం పిసినారితనం అనేవాడు, తాగు నాయనా, వచ్చిన పని అయినట్టే అనేవాడు, ఆ తర్వాతే వినేవాడు, ఆ మాటే నా నోట్లోంచి వచ్చేసింది, కంప్యూటరు ముందు కూర్చునే ఆడదానికి ఈ దర్జా ఎందుకు, వచ్చేసింది మరి, తాగు ముత్లక్, వచ్చిన పని అయినట్టే, వాడు ఒక్క గుక్కలో తాగి, రేపటి నడక మాన్పించకక్కా అన్నాడు.

ఎనిమిది నెలలయిందక్కా లోయలో ఒక్క మనిషిని దింపి, ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ నన్ను కూడా సామాన్లతో పాటు దుమ్ము దులిపి పక్కకి జరుపుతోంది, అని నవ్వించబోయాడు, నేను నవ్వలేదు, వానొస్తే అన్నాను, ఆ వాగు నాకు తెలీదా, దాని నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, అయినా నువ్వు మాట ఇచ్చేశావుగా ఉమ్మ్ సనద్ అన్నాడు, మామూలుగా అక్కా అంటాడు, పెద్దరికం గుర్తు చెయ్యాల్సినప్పుడు మాత్రం మా పెద్దాడి పేరు కలిపి సనద్ అమ్మగారూ అన్నట్టు ఉమ్మ్ సనద్ అంటాడు, నేనూ అంతే, కోపమొస్తే అబూ నవ్వాఫ్, అంటే నవ్వాఫ్ నాన్నా, అనబోతాను, నవ్వాఫ్ వీడి కొడుకు, కానీ ఆ పేరు ముందు వీడి అన్నయ్యది, అందుకే ఆ పిలుపు నా నోట్లోనే తిరుగుతుంది, బయటికి రాదు.

ఆ అన్న నవ్వాఫ్, పదకొండేళ్ళ కిందట మా టూరిస్టులకి దారి చూపిస్తూ, ఇదే లోయ, ఇదే నెల, అప్పుడూ ఎండే, నీళ్ళ కన్నా ముందు చప్పుడు వచ్చిందట, లారీ వస్తోందేమో అనుకున్నారట, లోయలో లారీ ఏమిటి అని ఒకామె అడిగేలోపే నవ్వాఫ్ అందరినీ రాతిగట్టు కిందికి తరిమాడు, తాను ఎగబాకి తాడు కట్టి ఒక్కొక్కరినీ పైకి లాగడం మొదలెట్టాడు, ఆఖరి ముసలాయన తాడు తగిలించే నడుంపట్టీ బకిలు ఊడింది, నవ్వాఫ్ కిందికి దిగి తన నడుంపట్టీ విప్పి ఆయనకి కట్టాడు, ఆయన పైకొచ్చాడు, నవ్వాఫ్ రాలేదు, రెండు రోజులకి దొరికాడు, నీళ్ళు వచ్చిన సాయంత్రమే నేనిక్కడే ఈ కుర్చీలోనే కూర్చుని ఆ టూరిస్టుల ఇళ్ళకి ఉత్తరాలు రాశాను, మా చేతుల్లో మీ వాళ్ళందరూ క్షేమం, అని, అబద్ధమేం కాదు, అందరూ క్షేమమే, తిరిగి ఎన్ని జవాబులు వచ్చాయో, దేవుడు మీ మేలు మరిచిపోడని, మీ దేశం ఎంత క్షేమమో అందరికీ చెప్తామని, చెప్పారు కూడా, మరుసటి ఏడు నా ఫోను మోగుతూనే ఉంది, ఆ ఏడంతా నవ్వాఫ్ తల్లి నాతో మాట్లాడలేదు, ఆవిడని తప్పు పట్టలేను.

ఫోను మోగింది, మార్గిట్ ఏమో అని ఉలిక్కిపడ్డాను, కాదు, తఫీలా నుంచి ఫద్వా పిన్ని, ఏమే రుదైనా, గొంతేంటి ఏడ్చినట్టుంది, పెళ్ళైనప్పట్నుంచీ నీ గొంతంతేలే, ఆలివ్ కాయలు సగం చెట్ల మీదే ఉండిపోయాయే, తెల్లవారక ముందు నుంచీ కుండపోత, చెట్ల కింద పరిచిన పట్టాలు కొట్టుకుపోతుంటే మీ బాబాయి వాటి వెనకాల పైజామా ఎత్తిపట్టుకుని పరిగెట్టాడు, నువ్వు చూడాల్సింది, నవ్వలేక చచ్చాను, రేపటికి తగ్గుతుందా పిన్నీ, తగ్గడమా, రేపంతా ఇంతేనట, ఎల్లుండికి చూద్దాం అంటున్నారు, నువ్వెందుకడుగుతున్నావు, ఏం లేదు పిన్నీ, కాయల గురించే, కాయల మీద నీకంత ప్రేమ ఎప్పట్నుంచే అంది, పెట్టేశాను, గోడ మీద గడియారం పదకొండున్నర, కింద కొట్లో నూనె కాగే వాసన, ఇచ్చిన మాట తప్పితే మా నాన్న కూజా పట్టుకునే మొహం నాకుండదు, తప్పకపోతే, తప్పకపోతే రాయాల్సింది ఆ రెండు ముక్కలే, క్షేమమే రండి, వేళ్ళకి అలవాటైనవే, కళ్ళు మూసుకునైనా కొట్టగలవు, ఒక్క నిమిషంలో కొట్టేశాను కూడా, పంపలేదు, తుడిచేశాను, మళ్ళీ కొట్టాను, ఎంత అలిసిపోయానో అప్పుడు తెలిసింది, ఒళ్ళు కాదు, ఆ మాటే అరిగిపోయింది.

కాఫీ తాగి పెరట్లోకి వెళ్ళిన ముత్లక్ దగ్గరికి వెళ్ళి బతిమాలుదామనుకుంటూ మెట్లు దిగాను, పెరట్లో వాడి బండి వెనక తలుపు దించి ఉంది, మా సామాన్ల గదిలోంచి తాళ్ళు, పట్టీలు తీసి నేల మీద పరిచి ఒక్కో ముడీ లాగి చూసుకుంటున్నాడు, ఆ పక్కనే చిన్న పొయ్యి మీద వాడి కూజా, ఎక్కడికెళ్ళినా అది లేకుండా కదలడు, తఫీలాలో వానట కదా అన్నాను, తలెత్తలేదు, వచ్చేటప్పుడే చూశానక్కా, కొండ మీద నల్లగా ఉంది అన్నాడు, చూసి, తెలిసి, నా చేత మాట అనిపించుకున్నాడు, నాకు కోపం రావాలి, రాలేదు, వాడి చేతిలో తాడు కొత్తది, నీలం రంగు, మునుపటి దాని కన్నా రెండింతల పొడుగు, వీడికీ భయంగానే ఉందన్నమాట, ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చున్న మనిషికి నీళ్ళ భయం కన్నా పని పోతుందన్న భయం పెద్దది, అంతే.

పట్టీలు చూశాను, వరసగా పరిచి ఉన్నాయి, ఆరు, బకిల్సు మెరుస్తున్నాయి, నాలుగేళ్ళ కిందట నేనే తెప్పించాను, మంచి కంపెనీవి, మరి నీదేది ముత్లక్ అన్నాను, నాదేంటి అన్నాడు, నీ పట్టీ, నాకెప్పుడుందక్కా, గదిలో ఆరేగా, ఆరే, నిజమే, కొనేటప్పుడు అతిథులు ఆరుగురికి మించి వద్దని రాసుకున్నాను, ఆరు తెప్పించాను, నవ్వాఫ్ తనది విప్పి ఇచ్చినందుకు పోయాడని తెలిసిన మనిషినే, వాళ్ళ తల్లి ముందు నేల మీద కూర్చుని ఏడ్చిన మనిషినే, ఏడోది ఒకటి కావాలని ఒక్కనాడూ తోచలేదు, వీడూ అడగలేదు, అన్న పోయిన లోయలో నాలుగేళ్ళు పట్టీ లేకుండా దిగి ఎక్కుతున్నాడు, అడిగితే ఏమనేవాడో నాకు తెలుసు, ఆ వాగు నాకు తెలీదా అనేవాడు.

కూర్చో అక్కా, ఇప్పుడు నా ఇంటికి వచ్చినట్టు అని బండి తలుపు అంచు తుండుతో తుడిచాడు, కప్పు తీసి పోశాడు, ముందు తాను ఒక గుక్క రుచి చూసి, నాకు పోసి రెండు చేతులా అందించాడు, వేడిగా ఉంది, ఏలకుల వాసన, నేనూ అందుకున్నాను, తర్వాత దాన్ని తలుపు అంచు మీద, వాడి ముందు పెట్టేశాను, ముట్టలేదు, ముత్లక్ ఆ కప్పు వంక చూశాడు, నా వంక చూశాడు, ఇదన్యాయమక్కా అన్నాడు, పొద్దున నువ్వు చేసింది న్యాయమా అబూ నవ్వాఫ్ అన్నాను, ఆ పేరు ఈసారి బయటికి వచ్చింది, వాడి చేతిలో తాడు జారింది, ఆడవాళ్ళు ఇలా పెడతారా ఎక్కడైనా అని గొణిగాడు, పెట్టాను చూడు, అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది, పెరటి గోడ అవతల మసీదులో మైకు గరగరమంది, మధ్యాహ్నపు అజాన్ మొదలైంది, కాఫీ మీద ఆవిరి ఆగిపోయింది, వీడు తాగమనడు, అనకుండా లేచి పోతే నేనేం చెయ్యను, వాళ్ళు ఒమాన్ వెళ్ళిపోతారు అక్కా అన్నాడు, వెళ్తారు అన్నాను, మళ్ళీ మనకి ఎవరూ రారు, రారేమో, అప్పుడు ఏం చేద్దాం, తెలీదు ముత్లక్, నిజంగా నాకు తెలీదు, అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు, అజాన్ అయిపోయాక వాడు పట్టీలు ఒక్కొక్కటే మడతపెట్టి సంచిలో పడేశాడు, తాగక్కా, చల్లారిపోతోంది, వచ్చిన పని అయినట్టే, అన్నాడు, తాగేశాను, చల్లారిపోయింది, బాగుంది, ఇక పైకి వెళ్ళి రాయాలి, క్షేమం కాదు అమ్మా, ఒమాన్ వెళ్ళండి, రేపు సిద్రె వాగులో దిగితే మా ముత్లక్ క్షేమంగా రాడు, అని, చదివి ఆశ్చర్యపోతుంది ఆవిడ, ముత్లక్ గురించి నేను అడగలేదే అనుకుంటుంది, అవును, తన వాళ్ళ గురించి తాను అడిగింది, అందులో తప్పేముంది, ముత్లక్ మాట ఎత్తాల్సింది నేను, ఇరవై రెండేళ్ళూ ఎత్తనిది నేను, ఆ లోయలో ఎప్పుడు దిగినా వాళ్ళు ఆరుగురు కాదు, ముత్లక్‌తో ఏడుగురు.