చీమ నడక బండి

లక్ష్మీపతి గారు బ్యాంకు నుంచి రిటైరవగానే, డాంగ్ అడవుల్లో కొండలెక్కాలని నాలుగు చక్రాలూ లాగే పికప్ బండి కొన్నారు. బండి ఇంటికి వచ్చింది. దాని వెనకే కరోనా వచ్చింది. కొండలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అడాజన్‌లో వాళ్ల సొసైటీ పార్కింగులో బండి గుడ్డ కప్పుకుని కూర్చుంది. ఆయన రోజూ ఆ గుడ్డ తీసి, తుడిచి, మళ్లీ కప్పేవారు.

ఆయన భార్య శేషారత్నానిది రైల్వే సిగ్నల్ డిపార్టుమెంటు. రెండో అల నడుమ ఆవిడా రిటైరయింది. వీడ్కోలు సభ ఫోన్లోనే జరిగింది. ఆఫీసరు గారు మాట్లాడుతుండగా బొమ్మ ఆగిపోయింది, చప్పట్లు మాత్రం వినబడ్డాయి. అన్నేళ్లు రిలేలతో, వైర్లతో కాపురం చేసిన చేతులు ఖాళీ అయ్యేసరికి ఆవిడ ఇంట్లో మిక్సీ విప్పింది, కాలింగ్ బెల్ విప్పింది, బాగున్న గీజరును కూడా ఒకసారి విప్పి బిగించింది.

ఆ అలలోనే మొగుడూ పెళ్లాం ఆ బండిలో, వలస వచ్చిన తెలుగు నేతవాళ్లుండే అమ్రోలి మగ్గాల గల్లీలకి భోజనాలు మోశారు. అక్కడ పరిచయమైన మనిషి సారక్క. బాబిన్లు చుట్టే పని ఆవిడది, గల్లీ మొత్తానికి పెద్దరికం కూడా ఆవిడదే. దసరా దగ్గర పడుతుండగా సారక్క ఫోన్ చేసింది.

"అక్కా, పోయినేడు బతుకమ్మను ఇంట్లనే తాంబాలంల పెట్టుకుని ఏడ్చినం. గీ ఏడు మనిషెత్తు పేరుస్తున్నం. ఊరికెల్లి రైలుల గునుగు పువ్వు వస్తున్నది. జర మీ బండి కావాలె."

"బండికేం భాగ్యం సారక్కా, తీసుకొస్తాం."

"ఉత్తగ తెస్తే కాదక్కా. చీమ లెక్క నడవాలె. చుట్టూ మేం ఆడుకుంట రావాలె. ముందుగాల ఒక ఏడు టెంపోల పెడితే, వాడు క్లచ్ ఇడిశిండు, బతుకమ్మ మురికి మోరీల పడ్డది. గా యాది ఇంక పోలె."

శేషారత్నం కళ్లు మెరిశాయి. పని దొరికింది.

మర్నాడే అమ్రోలి వెళ్లి పరీక్ష పెట్టారు. బండి వెనక తొట్టిలో పువ్వుల బదులు నూలు కండెలు బతుకమ్మలా పేర్చారు. మామూలు మొదటి గేరులో బండి కదిలితే ఆడవాళ్లు పరిగెత్తాల్సి వచ్చింది. అప్పుడు శేషారత్నం డాష్‌బోర్డు మీది గుండ్రటి మీటను చివరిదాకా తిప్పింది. ఆ చివర నాలుగు చక్రాలూ కలుస్తాయి, లో గేరూ పడుతుంది. బలం ఏనుగుది, నడక చీమది. గల్లీ సగం దాకా బండి అలా పాకుతూ వెళ్తుంటే ఆడవాళ్లు "హౌ! గిదీ!" అని చప్పట్లు కొట్టారు.

మలుపు దగ్గర కథ అడ్డం తిరిగింది. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి కోసేసరికి బండి మూలిగింది, బిగుసుకుంది, ఒక్క దుముకు దుమికింది. కండెలన్నీ కూలి సిమెంటు రోడ్డు మీద దొర్లుకుంటూ పోయాయి. కుక్కలు వాటి వెంట, పిల్లలు కుక్కల వెంట, సారక్క అందరి వెంట. శేషారత్నం స్టీరింగు మీద తల ఆనించి కళ్ల నీళ్లొచ్చేలా నవ్వింది.

"ఏమయింది రత్నం? బండి పాడయిందా?" లక్ష్మీపతి గారి మొహం పాలిపోయింది.

"పాడవలేదండీ, తనలో తానే పోట్లాడుకుంది. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. మట్టి మీదైతే జారి సర్దుకుంటాయి. సిమెంటు మీద జారడం కుదరదు. లో గేరు ఉండాలి, ముందు చక్రాలని మాత్రం వదిలేయాలి."

"ఆ మీటలో అలాంటి గుర్తు లేదే!"

"లేదు. పెడతాను."

సొసైటీ చేరగానే ఆయన వారంటీ కాగితం తెచ్చి బండి ముందు నిలబడ్డారు. ఆవిడ అప్పటికే బండి కింద ఉంది. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

లోపలి సంగతి ఆవిడకి తొందరగానే అంతు చిక్కింది. మీటకీ చక్రాలకీ మధ్య కడ్డీ ఏదీ లేదు. మీట అడుగుతుంది, సీటు కింది నల్లపెట్టె ఆలోచిస్తుంది, కింద చిన్న మోటార్లు పని చేస్తాయి. లో గేరు పడేసే మోటారు వేరు, ముందు ఇరుసును కలిపే మోటారు వేరు. రెండో దాని తీగ తెంపి మధ్యలో స్విచ్చి పెట్టింది. తీరా మీట తిప్పితే డాష్‌బోర్డు దీపం టపటపా కొట్టుకుంది, నల్లపెట్టె మొండికేసింది. ఇరుసు "కలిశాను" అని కబురు పంపితే గానీ అది లో గేరు ఇవ్వనంటుంది.

ఇరుసు బదులు ఆ కబురు తానే పంపాలి. తీగలో కబురు కలిపే చిన్న రిలే ఒకటి చాలు. అక్కడే శేషారత్నం చెయ్యి ఆగిపోయింది.

"ఏమండీ, జీవితమంతా ఒక్క రిలేని అబద్ధం ఆడనివ్వలేదు నేను. దారి మార్చే చోట పట్టా కలవకుండానే కలిసిందని రిలే చెబితే రైలు ఏమవుతుంది? ఇప్పుడు నా చేత్తో నేనే..."

లక్ష్మీపతి గారు వారంటీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. పెళ్లాం మొహం అలా వాడిపోవడం ఆయన చూడలేరు.

"అబద్ధం అనుకోకు రత్నం, మర్యాద అనుకో. కూరలో ఉప్పెక్కువైనా బాగుందని చెప్పే కొత్తల్లుడి మర్యాద."

ఆవిడ కిసుక్కున నవ్వింది. "సరే. పెట్టెకి మర్యాద, నడిపే మనిషికి నిజం" అంది. ఇరుసు నిజంగా కలిస్తేనే వెలిగేలా, స్విచ్చి పక్కన ఇంకో పసుపు బల్బు పెట్టింది. అప్పుడు గానీ మనసు కుదుటపడలేదు.

మీట చివరికి తిప్పింది. దీపం నిలకడగా వెలిగింది. పసుపు బల్బు ఆరే ఉంది. స్టీరింగు పూర్తిగా కోసి క్లచ్ వదిలింది. బండి వెన్న మీద కత్తిలా తిరిగింది! ఒక చుట్టు, ఇంకో చుట్టు. బాల్కనీల్లో మాస్కుల మొహాలు బారులు తీరాయి. "ఆంటీ, గోళ్ గోళ్!" అని పిల్లలు చేతులు గుండ్రంగా తిప్పుతూ అరిచారు. నాలుగో అంతస్తు పటేల్ గారు, పార్కింగులో గర్బా ఆట ఎవరు మొదలెట్టారని అడిగారు. లక్ష్మీపతి గారు కదిలే బండిలోకే నడుచుకుంటూ వచ్చి ఎక్కి, "ఇప్పుడు నేను, ఇప్పుడు నేను" అన్నారు. అంత నెమ్మదిది ఆ నడక.

సద్దుల బతుకమ్మ నాడు ఎండ వాలుతుండగా బండి బయలుదేరింది. తొట్టిలో గునుగు, బంతి, చామంతి దొంతరలు, పైన పసుపు గౌరమ్మ. మనిషెత్తు అన్నారు గానీ, దాటింది. పక్కనే సారక్క నిలబడి రెండు చేతులా పట్టుకుంది. శేషారత్నం స్టీరింగు ముందు. లక్ష్మీపతి గారు బండికి ఎదురుగా వెనక్కి నడుస్తూ, ఈల నోట్లో పెట్టుకుని, రైల్వే గార్డు తానే అయినట్టు చేతులు ఊపుతున్నారు. చుట్టూ చప్పట్లు కొడుతూ, వంగుతూ, లేస్తూ గల్లీ ఆడవాళ్లు. బండి వాళ్ల అడుగుతో అడుగు కలిపింది.

మలుపు వచ్చింది. ఒక్క రేకు రాలలేదు. "వారెవ్వా రత్నమక్కా!" అని తొట్టిలోంచి కేక.

ఇక బతుకమ్మను నీళ్లలో వదిలేందుకు కార్పొరేషన్ వాళ్లు తవ్వించిన గుంట గట్టు మిగిలింది. ముందు రోజు వానకి అది బురదయింది. సగం ఎక్కేసరికి వెనక చక్రాలు ఊరికే తిరిగాయి. బతుకమ్మ ఊగింది. చప్పట్లు ఆగిపోయాయి.

"అక్కా!" అంది సారక్క, బతుకమ్మను వాటేసుకుని.

శేషారత్నం బ్రేకూ క్లచ్చూ తొక్కి, స్విచ్చి వేసింది. పసుపు బల్బు వెలగలేదు. లక్ష్మీపతి గారి నోట్లో ఈల అలాగే ఉండిపోయింది.

'లోపల గేరు పళ్లకి పళ్లు ఎదురు నిలబడ్డాయి. కాస్త కదిలితే కలుస్తాయి' అనుకుంది. బ్రేకు మీద కాలు రవ్వంత సడలించింది. బండి బెత్తెడు వెనక్కి జారింది. కింద ఎక్కడో "టక్". బల్బు వెలిగింది.

ఆవిడ క్లచ్ వదిలింది. నాలుగు చక్రాలూ బురదను పట్టుకుని, ఆవలిస్తూ లేచిన ఏనుగులా బండి గట్టెక్కింది. ఒక్కసారిగా లేచిన కేకలకి గుంట అవతల కొంగలు ఎగిరిపోయాయి. లక్ష్మీపతి గారు ఈల ఊదుతూ బురదలో గెంతారు, జారారు, కూర్చున్నారు. కూర్చునే ఊదారు.

బతుకమ్మను గట్టు మీద దించాక, సారక్క డ్రైవరు తలుపు తీసి శేషారత్నాన్ని బయటికి లాగింది. "బండి ఆడింది, ఇగ నువ్వు ఆడాలె."

"నాకు రాదే తల్లీ!"

"మాకు గేరు వస్తదా? రా!"

ఆవిడ వలయంలో కలిసింది. అందరూ కుడికి తిరిగితే తను ఎడమకి తిరిగింది, సారక్కను ఢీకొంది, పక్కావిడ చప్పట్లో తన చెయ్యి ఇరికించింది. ఊపిరి అందనంత నవ్వు వచ్చింది. నవ్వుకి ఎక్కిళ్లు వచ్చాయి. ఎక్కిళ్లతోనే ఆడింది. చీర కుచ్చిళ్ల నిండా బురద, మోచేతి మీద గ్రీజు, జడలో ఎవరో దోపిన బంతిపువ్వు.

పూలన్నీ నీళ్లలో తేలిపోయాక అందరూ గట్టు మీద కూర్చున్నారు. సారక్క గౌరమ్మ పసుపు తీసి శేషారత్నం పుస్తెలకి అద్ది, సత్తు పిండి ముద్ద చేతిలో పెట్టింది.

"ఇస్తినమ్మ వాయినం."

ఏమనాలో తెలియక శేషారత్నం చుట్టూ చూసింది. వెనక నుంచి ఎవరో జవాబు అందించారు. ఎక్కిళ్ల మధ్యే అంది:

"పుచ్చుకుం... హిక్... టినమ్మ వాయినం."