ఊరందరి నంబరు

నేను ఒక బటన్ ఫోన్‌ని. బ్యాటరీ ఉబ్బి వెనక మూత ఎప్పుడో ఊడిపోయింది, ఇప్పుడు రబ్బరు బ్యాండే నాకు నడికట్టు. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు కానీ, మొదట నన్ను కొన్న లారీ డ్రైవరు ఈరన్న గొంతు మాత్రం మరిచిపోలేను. నాతో మాట్లాడేవాడు కాదు, అరిచేవాడు. అతను టచ్ ఫోన్ కొనుక్కున్నాక, ఆదోనిలో నెట్ సెంటర్ నడిపే ఖాజా చేతికొచ్చాను.

ఖాజాకో అలవాటుంది. ఎవరి దరఖాస్తు నింపినా ఫోన్ నంబరు దగ్గర నాదే కొడతాడు. "పిల్లోళ్లు సిమ్ములు మారుస్తాంటారు. మనదుంటే యాడికీ పోదు" అంటాడు. అలా పింఛన్లకీ, పంట బీమాకీ, నర్సింగ్ సీట్లకీ ఊరంతా నేనే అయ్యాను. పేరులో తప్పు పడితే గొడవకొచ్చే మనుషులు, నంబరు పరాయిదైతే పట్టించుకోరు.

లా కాలేజీ దరఖాస్తుకి ఆఖరి రోజున నాగవేణి వచ్చింది. సాయంత్రం ఐదుకి గడువు. లా ఎందుకు చదవాలనుకుంటున్నావో వ్యాసం రాయాలి. ఖాజా దగ్గర "చిన్నప్పటి నుంచీ న్యాయమంటే ప్రాణం" అని మొదలయ్యే రెడీమేడ్ వ్యాసం ఒకటుంది. వచ్చిన వాళ్లందరికీ అదే అతికిస్తాడు.

"అది వద్దన్నా. మాయమ్మ చెయ్యి గురించి రాస్తా" అంది నాగవేణి.

పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో వాళ్లమ్మ చెయ్యి యంత్రంలో పడి నలిగిపోయింది. ఆమె మా దగ్గర పనే చెయ్యలేదు పొమ్మంది మిల్లు. తోటి కూలీలు భయపడి నోరు మెదపలేదు. నాగవేణి పేజీ నిండా ఆ కోపమే కొట్టింది. ఖాజా చదివి గడ్డం గోక్కున్నాడు.

"మిల్లోళ్లని తిట్టినావు, సరే. నువ్వేం చేసినావు పాపా? అది లేదే ఇందులో."

ఆమె రాసిందంతా మొదటి నుంచీ మళ్లీ చదువుకుంది. తర్వాత సగం తుడిచేసింది. షిఫ్టు దిగే వేళకి మిల్లు గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క కూలీనీ బతిమాలడం, తిట్లు తినడం, ఆఖరికి ఒకామె సాక్ష్యం చెబుతాననడం, అన్నీ రాసింది. గడువు దగ్గరపడుతోంది. భయంతో నా బ్యాటరీ ఇంకాస్త ఉబ్బిందేమో.

చివరి బటన్ నొక్కారు. ఓటీపీ నాకే రావాలి, రాలేదు. నా తెర మీద కవరు బొమ్మ కొట్టుకుంటోంది. మెసేజ్‌లతో నా కడుపు నిండిపోయింది, ఒకటి తుడిస్తే గానీ కొత్తది దిగదు. ప్రకటనలు ఖాజా ఎప్పటికప్పుడు తుడిచేస్తాడు. మిగిలినవన్నీ ఊళ్లోవాళ్ల దరఖాస్తు నంబర్లే.

"ఏదో ఒగటి తీసేస్తా" అన్నాడు ఖాజా.

"ఆగన్నా! ఎవురిదది?"

"ఎవురో ముసలాయన పింఛను."

"రాసుకో ముందు. ఆయప్ప వచ్చి అడిగితే ఏం చెప్తావు?"

"టైమైపోతాంది పాపా! నీ సీటు పోతాది!"

"నువ్వు చదువు, నేను రాస్తా."

ఖాజా తిట్టుకుంటూనే చదివాడు. ఆమె అరచేతిలో రాసుకుంది. అప్పుడు తుడిచాడు. ఓటీపీ దిగింది. దరఖాస్తు అందిందని కంప్యూటర్ చెప్పాక ఇద్దరూ కుర్చీల్లో కూలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి నాకు రింగ్‌టోన్ తప్ప ఏముంది?

ఇంటర్వ్యూ పిలుపూ నాకే వచ్చింది. ఆ తర్వాత నా బ్యాటరీ చచ్చింది. సిమ్ము తీసుకుని ఖాజా నన్ను సొరుగులో పాత కేబుళ్ల మధ్య పడేశాడు. సీటొచ్చిందని నాగవేణి మిఠాయి తెచ్చినప్పుడు అక్కడి నుంచే విన్నాను.

ఇంటర్వ్యూలో ఆమెను ఏమడిగారో తెలియదు. అరచేతిలో రాసుకున్న ఆ పింఛను సంగతి మాత్రం ఆమె చెప్పి ఉండదు. అదొక గొప్పని ఆమెకి తోచదు. నన్ను సాక్ష్యానికి పిలిచి ఉంటే చెప్పేదాన్ని.