తోడికోడలి మట్టి

శ్రీరామనవమి కల్యాణంలో స్వామి ముందు పెట్టే తొలి బత్తాయి గంప అయిదేళ్ళుగా సావిత్రమ్మ తోటనుంచే వెళుతున్నది. మామగారు ఇద్దరు కొడుకులకూ పంచి ఇచ్చిన నేల ఒక్కటే, బావి ఒక్కటే. అయినా పెద్దకోడలు సావిత్రమ్మ చెట్లు వేసవిలో కత్తెర కాపు విరగ కాస్తాయి. చిన్నకోడలు కౌసల్య చెట్లు నాలుగు గంపలతో సరిపెడతాయి. అరిషడ్వర్గంలో చివరిదని మాత్సర్యాన్ని తక్కువగా ఎంచరాదు. కామక్రోధాలు వీధిన పడి అరుస్తాయి; అది మాత్రం ఇంటి మనిషిలా లోపల కూర్చుని పెరుగుతుంది.

ఆ మాఘంలో గుట్టకవతలి మైదానంలో సైనికులు అభ్యాసం చేశారు. తెల్లని పొగను తెరలా లేపి, దాని చాటున కదలడం వారి పాఠం. పది రోజులు ఆ పొగ గుట్ట సందులోనుంచి జారి సావిత్రమ్మ తోటమీద పడుకున్నది. బండరాళ్ళ చాటున ఉన్న కౌసల్య తోటను తాకలేదు. పక్షం తిరిగేసరికి సావిత్రమ్మ చెట్ల ఆకులు అంచులు మాడి, కాయలు రాలి, పాదుల్లో గరిక సైతం ఎండిపోయింది.

కౌసల్యకు సంతోషం కలగవలసింది. కలగలేదు. ఊరంతా సావిత్రమ్మ వాకిట్లోనే ఉన్నది. పత్రికలవారు ఆమె ఫొటోయే తీసుకున్నారు.

"ఎండిన చెట్టుకు గూడ ఎంత మర్యాదనో సూడు!" అన్నది భర్తతో.

జంగయ్య నవ్వాడు. "పేరేమో కౌసల్య, గుణమేమో కైకది. గామె ఏడుస్తున్నా నీకు కుళ్ళేనా?"

నల్లగొండనుంచి వ్యవసాయాధికారి దీప్తి వచ్చింది. సావిత్రమ్మ తోటలో తానే మట్టి తీసుకున్నది. కౌసల్య తోటకు ఆనాడు నీళ్ళు కట్టి ఉన్నందున, ఖాళీ సంచి ఆమె చేతికిచ్చి, తీసే పద్ధతి చెప్పింది.

"అక్కా, ఆ పొగల జింకు ఉంటది. గామె మట్టిల ఎక్కువుండి, నీ మట్టిల లేకుంటే తప్పు పొగదేనని తేలుతది. అప్పుడే అభ్యాసం ఇంకో దిక్కుకు మారుస్తరు. నీ మట్టే సాక్ష్యం."

ఇక్కడా తాను ఆమెకు సాక్ష్యమేనా? 'నాది తోట కాదా? నా మట్టికి ఏం కాలేదంటే నా వాకిట్లకు ఎవరొస్తరు?' అనుకున్నది కౌసల్య.

మూడవనాటి ఉదయం బండలు దాటి సావిత్రమ్మ చెట్టు కింద కూర్చున్నది. పైన రాలిన ఆకులు తొలగించి, జానెడు లోతు తవ్వి, మట్టిని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసివేసి, మిగిలినది సంచికెత్తింది. విధిలో లోపం లేదు. నేల ఒక్కటే వేరు. తన తోట కూడా చెడిందని కాగితం వస్తుందని ఆమె ఆశ.

మూడు వారాలకు కాగితం వచ్చింది. రెండు తోటల్లోనూ జింకు సమానమట. అది ఆ నేల సహజగుణమట. పొగ దోషం రుజువు కాలేదట. నవమి వెళ్ళగానే అక్కడే మళ్ళీ అభ్యాసమని కబురు కూడా వచ్చింది.

నవమికి ముందురోజు సావిత్రమ్మ ఖాళీ గంపతో వచ్చింది. ఎప్పటిలాగే దానికి పసుపు రాసి, బొట్లు పెట్టింది.

"చెల్లె, మా చెట్లకు ఒక్క పండు లేదు. ఈ యేడు నీ పండ్లు పోవాలె. పండుగైనంక చెట్లు కొట్టేస్తం. మట్టే అసొంటిదని రాసిచ్చిండ్రు గద."

అయిదేళ్ళుగా కోరిన గంప కౌసల్య చేతుల్లోకి వచ్చింది.

"అక్కా, గొడ్డలి పెట్టియ్యకు. మట్టి అసొంటిది కాదు. నా సంచిల పోయింది నీ మట్టే. నేనే తవ్విన."

సావిత్రమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "ఎందుకే?"

"అందరు నీ వాకిట్లకే వచ్చిండ్రని."

సావిత్రమ్మ తిట్టలేదు. గంపను మాత్రం వెనక్కి లాక్కున్నది.

"దేవుని గంప గీ చేతుల నుంచి వద్దు. పలుగు తే. నీ తోటల తవ్వు. ఇప్పుడే మేడం దగ్గరికి పోదం."

కౌసల్య తన చెట్టు కింద కూర్చుని పలుగు ఎత్తింది. ఖాళీ గంప చంకన పెట్టుకుని సావిత్రమ్మ, ప్రతి పిడికెడు మట్టీ ఎక్కడినుంచి వస్తున్నదో కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది.